మూఢం రోజుల్లో కొత్త విండోస్: కావలిలో మా ప్రెస్సు కంప్యూటర్ల మార్పిడి డైరీ

నవంబరు నెలాఖరు: యంత్రాల పరిశీలన

కావలి ట్రంకు రోడ్డును ఆనుకొని ఉన్న సందులో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, అల్లూరు వైపు రొయ్యల చెరువుల వాళ్లు అడిగే లెక్కల పుస్తకాలు మా ప్రధానమైన పని. మ్యాటర్ కంపోజ్ చేయడానికి రెండు కంప్యూటర్లు, బిల్లులు రాయడానికి ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. మూడింటిలోనూ విండోస్ 10 నడుస్తోంది. 2025 అక్టోబరు 14తో దానికి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అంతమాత్రాన యంత్రాలు ఆగవు, పనీ ఆగదు. కానీ ఆ తేదీ తర్వాత బయటపడే లోపాలను సరిచేసే అప్‌డేట్లు రావు. పార్టీలు, అంటే పని ఇచ్చే ఖాతాదారులు, తెచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌నూ గుచ్చి, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫైలునూ తెరిచి చూడవలసిన మా వంటి చోట దీనిని తేలికగా తీసుకోకూడదని నా అభిప్రాయం.

కార్తీకమాసం ముహూర్తాల పని ఉన్నంతకాలం కంప్యూటర్ల జోలికి పోలేదు. శుక్ర మౌఢ్యం మొదలైన తర్వాత పెళ్లిళ్లు ఉండవు కనుక శుభలేఖల పని బాగా తగ్గుతుంది. మళ్లీ ముహూర్తాలు వచ్చేలోగా యంత్రాలు మార్చడమే కాక, మా ఆపరేటర్ అమ్మాయి చేయి కొత్త అమరికకు అలవాటు పడేలా చూడాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. నా దృష్టిలో ఈ రెండో సగమే అసలు పని. ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని, చేతి అలవాటు మారడం మాత్రం అంత త్వరగా జరగదు.

ముందుగా, విండోస్ 11కు యంత్రం సరిపోతుందో లేదో చెప్పే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రాముతో మూడింటినీ పరీక్షించాను. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం, యంత్రాన్ని లేపే కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్‌ఐ, అందులో నమ్మదగిన సాఫ్ట్‌వేరుతోనే యంత్రం లేచేలా చూసే సెక్యూర్ బూట్, రహస్య కీలను దాచే భద్రతా భాగమైన టీపీఎమ్ 2.0, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎమ్‌డీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి ఆ జాబితాలో ఉంటాయి. ల్యాప్‌టాప్ పదకొండో తరానిది, దానితో ఏ ఇబ్బందీ లేదు. కంపోజింగ్ యంత్రాల్లో మొదటిది ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్. అయినా అది పనికిరాదని ఫలితం వచ్చింది. రెండోది ఆరో తరం ఐ3, అది జాబితాలోనే లేదు.

మొదటి యంత్రం విషయంలో ఫలితం చూసి నిరాశ పడవలసిన పనిలేదు. రన్ పెట్టెలో ఎమ్మెస్‌ఇన్ఫో32 అని కొట్టి చూస్తే బయాస్ (విండోస్ కన్నా ముందు యంత్రాన్ని లేపే ప్రోగ్రాము) మోడ్ దగ్గర లెగసీ, అంటే పాత పద్ధతి, అని ఉంది. టీపీఎమ్ డాట్ ఎమ్మెస్సీ అని కొడితే టీపీఎమ్ కనిపించడం లేదని వచ్చింది. ఎనిమిదో తరం ఇంటెల్ బోర్డుల్లో ఈ సౌకర్యం పీటీటీ అన్న పేరుతో బయాస్ లోపలే ఉంటుంది. చాలా బోర్డుల్లో దానిని ఆఫ్‌లోనే ఉంచేవారు. అంటే యంత్రానికి శక్తి లేక కాదు, ఉన్నదాన్ని ఆన్ చేయకపోవడం వల్లనే ఆ ఫలితం వచ్చింది. మా ఊళ్లో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. కనుక పనికిరాదన్న మాట తెర మీద చూడగానే కొత్త యంత్రం కొనడానికి నెల్లూరు బస్సెక్కవద్దని తోటి ప్రెస్సుల వాళ్లకు గట్టిగా చెబుతున్నాను.

రెండో యంత్రంలో తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు ప్రచారంలో ఉన్నాయి. వాటికి నేను సుముఖంగా లేను. అలా ఎక్కించిన యంత్రానికి అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెబుతోంది. అప్‌డేట్ల కోసమే ఇంత శ్రమ పడుతున్నప్పుడు ఆ దారిన పోవడంలో అర్థం లేదు. దానికి బదులు విండోస్ 10కు అదనపు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకంలో ఆ యంత్రాన్ని చేర్చాను. సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేసేందుకు ఒప్పుకుంటే రుసుము లేకుండానే 2026 అక్టోబరు 13 వరకు ఆ అప్‌డేట్లు వస్తాయి. పాత పేజీల ఫైళ్లను తెరవడానికి ఆ యంత్రం అంతవరకు అలాగే ఉంటుంది.

డిసెంబరు మొదటి వారం: డిస్క్, బయాస్, కరెంటు

మా జిల్లాకు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలవి. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, కావలిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. డిస్క్ అమరిక మార్చే మధ్యలో కరెంటు పోతే మొత్తం సమాచారం చిక్కుల్లో పడుతుంది. అందువల్ల యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించి, అది పూర్తిగా చార్జ్ అయిన తర్వాతనే పని మొదలుపెట్టాను.

బ్యాకప్ విషయంలో ఒక్క సంగతి విడిగా చెప్పాలి. డీటీపీ, అంటే కంప్యూటరులో పేజీలు కట్టే పని, చేసేవాళ్లకు ఫైళ్లు ఎంత ముఖ్యమో ఫాంట్లూ అంతే ముఖ్యం. ఫాంట్లన్నీ విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరులోనే ఉంటాయని అనుకుంటాము. కానీ విండోస్ 10లో 2018 నాటి 1809 కూర్పు నుంచి, అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకుండా ఇన్‌స్టాల్ చేసిన ఫాంట్లు ఆ వాడుకరి సొంత యాప్‌డేటా ఫోల్డరు లోపలికి చేరుతున్నాయి. ఒక్క చోటే చూసి కాపీ చేసుకుంటే సగం ఫాంట్లు మిగిలిపోతాయి. రెండు చోట్ల నుంచీ తీసి బయటి హార్డ్ డిస్క్‌లో భద్రపరిచాను. తర్వాత తిరిగి వేసేటప్పుడు ఫాంటు మీద రైట్ క్లిక్ చేసి, వాడుకరులందరికీ అన్న ఎంపికతో ఇన్‌స్టాల్ చేస్తే పాత ప్రోగ్రాములకు కూడా అవి కనిపిస్తాయి.

మొదటి యంత్రంలోని డిస్క్, విభాగాలను అమర్చే పాత పద్ధతి అయిన ఎమ్‌బీఆర్‌లో ఉంది. యూఈఎఫ్‌ఐకి మారాలంటే అది కొత్త పద్ధతి అయిన జీపీటీకి మారాలి. ఇందుకోసం డిస్క్ చెరిపి మళ్లీ అన్నీ ఎక్కించవలసిన పనిలేదు. 2017లో వచ్చిన 1703 కూర్పు నుంచి విండోస్ 10లోనే ఎమ్‌బీఆర్‌టూజీపీటీ అనే ఉపకరణం ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు వ్యాలిడేట్ ఆదేశం ఇస్తే, మార్చడానికి డిస్క్ అనుకూలమా కాదా అని చెబుతుంది, దేనినీ ముట్టుకోదు. డిస్క్‌లో ప్రైమరీ విభాగాలు మూడింటికి మించకూడదు, ఎక్స్‌టెండెడ్ విభాగం ఉండకూడదు. సీ, డీ డ్రైవ్‌లు, విండోస్ తనకోసం ఉంచుకున్న చిన్న భాగం తప్ప మా డిస్క్‌లో ఇంకేమీ లేవు కాబట్టి పరీక్ష నెగ్గింది. తర్వాత కన్వర్ట్ ఆదేశం ఇచ్చాను. అది పూర్తయిన వెంటనే బయాస్‌లోకి వెళ్లి, పాత పద్ధతిలో లేపే సీఎస్‌ఎమ్ ఆపి, యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్, పీటీటీ ఆన్ చేశాను. ఈ వరుస ముఖ్యం. డిస్క్ మారకముందే బయాస్ మారిస్తే విండోస్ లేవదు.

యంత్రం తిరిగి లేచింది. హెల్త్ చెక్‌లో ఇప్పుడు అన్ని అంశాల ఎదుటా పచ్చ గుర్తులు వచ్చాయి.

డిసెంబరు రెండో వారం: ముందుగా ల్యాప్‌టాప్

కంపోజింగ్ యంత్రం కన్నా ముందు ల్యాప్‌టాప్‌ను మార్చాను. అందులో తెలుగు పేజీల పని లేదు కనుక, కొత్త విండోస్ స్వభావం తెలుసుకోవడానికి అది తగిన చోటు. పాతదాని మీద ఎక్కించకుండా, డిస్క్ ఖాళీ చేసి విండోస్ 11లో 2025 నాటి 25హెచ్2 కూర్పును మొదటి నుంచి వేశాను.

ఇలా వేసేటప్పుడు రెండు విషయాలు గమనించాలి. హోమ్ కూర్పు అయితే మొదటి అమరికలోనే ఇంటర్నెట్టు, మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. ఆ ఖాతాతో లోపలికి వెళ్లిన తర్వాత, మనం అడగకుండానే డిస్క్‌లోని సమాచారం ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారుతుంది. ల్యాప్‌టాప్ పోయినా మన పార్టీల వివరాలు ఇంకొకరి చేతికి చిక్కవు కాబట్టి ఇది మంచిదే. అయితే బయాస్ మార్చినప్పుడో, బోర్డు రిపేరుకు ఇచ్చినప్పుడో యంత్రం 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. దానిని కాగితం మీద ప్రింటు తీసి, ప్రెస్సు లైసెన్సు కాగితాలతో పాటు బీరువాలో పెట్టాను. యంత్రం తెరుచుకోనప్పుడు యంత్రంలోనే ఉన్న కీ ఎందుకూ కొరగాదు.

ఇక కంటికి కనిపించే మార్పుల సంగతి. స్టార్ట్ మీట, టాస్క్‌బార్ మీది గుర్తులు ఎడమ మూల నుంచి మధ్యకు వచ్చాయి. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అక్కడ టాస్క్‌బార్, దాని కింద ప్రవర్తన విభాగంలో అలైన్‌మెంట్ అన్నచోట మళ్లీ ఎడమకు తెచ్చుకోవచ్చు. తెరిచిన కిటికీలన్నీ ఒకే గుర్తు కింద కలిసిపోకుండా పేర్లతో విడివిడిగా కనిపించే ఏర్పాటు కూడా ఆ పక్కనే ఉంది. 2021లో విండోస్ 11 తొలిసారి వచ్చినప్పుడు ఆ ఏర్పాటు లేదు, 2023లో తిరిగి చేర్చారు. టాస్క్‌బార్‌ను తెర పక్కకు నిలువుగా పెట్టుకునే వీలు మాత్రం మేము వేసుకున్న కూర్పులో లేదు.

మా నాయన రోజూ సాయంత్రం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పాత పార్టీల చిరునామాల జాబితాను సరిచూసుకుంటారు. దానిని ఏళ్లుగా వర్డ్‌ప్యాడ్‌లో రాసుకుంటున్నారు. 24హెచ్2 కూర్పు నుంచి వర్డ్‌ప్యాడ్‌ను విండోస్ నుంచి తీసివేశారు. గుర్తు కనిపించక ఆయన నన్ను పిలిచారు.

"అబ్బయా, రంగులూ బొమ్మలూ ఎట్లా మారితే నాకేం. నా జాబితా ఉండాదా లేదా, అది చెప్పు."

"ఉండాది నాయనా. తెరిచేది వేరేది వచ్చింది, అంతే."

ప్రోగ్రాము పోయినా ఫైలు ఎక్కడికీ పోలేదు. లిబ్రేఆఫీస్ రైటర్ ఇన్‌స్టాల్ చేసి, ఆర్‌టీఎఫ్ ఫైళ్లన్నీ దానిలోనే తెరుచుకునేలా డీఫాల్ట్ యాప్స్‌లో నిర్ణయించాను. అక్షరాల పరిమాణం పెంచి, గుర్తును డెస్క్‌టాప్ మీద పాతది ఉండే చోటే ఉంచాను. ఆయన ఆ పూటే రెండు చిరునామాలు దిద్దారు. పెద్దవాళ్లకు కొత్త అమరికను నేర్పేటప్పుడు మొదట చూపవలసింది వాళ్ల ఫైలును. అది కళ్లపడితే మిగిలిన మార్పులను ఓపికగా చూస్తారు.

డిసెంబరు మూడో వారం: కంపోజింగ్ యంత్రం, రైట్ క్లిక్

మొదటి కంపోజింగ్ యంత్రంలో పాత విండోస్ మీదనే కొత్తది ఎక్కించాను. ప్రోగ్రాములు, ఫాంట్లు, ప్రింటర్లు యథాతథంగా ఉండాలంటే ఇదే మేలు. ఎక్కించిన వెంటనే చేసిన మొదటి పని వెనక్కి వెళ్లే గడువును పొడిగించుకోవడం. కొత్తది నచ్చకపోతే పాతదానికి తిరిగి పోవడానికి మామూలుగా 10 రోజులే వీలుంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇచ్చే డిస్మ్ ఆదేశంతో ఆ గడువును 60 రోజుల వరకు పెంచుకోవచ్చు, కానీ మొదటి 10 రోజుల్లోపే ఆ ఆదేశం ఇవ్వాలి. విండోస్ ఓల్డ్ అనే ఫోల్డరు అన్నాళ్లూ డిస్క్‌లో చాలా చోటు ఆక్రమిస్తుంది. చోటు కోసం దానిని చెరిపేస్తే వెనక్కి దారి మూసుకుపోతుంది. ముహూర్తాల పని మొదలయ్యేదాకా ఆ దారి తెరిచి ఉంచడమే తెలివైన పని అనిపించింది.

మా ఆపరేటర్ అమ్మాయి ఈ పనిలో ఆరితేరిన మనిషి. తెర వంక చూడకుండానే మెనూల్లో ఎక్కడ ఏముందో ఆమె చేతికి తెలుసు. మా నాయన సీసపు అక్షరాలు కూర్చే రోజుల్లో టైపు కేసులో ఏ గడిలో ఏ అక్షరముందో వేళ్లకే తెలిసినట్టు ఉంటుంది అది. అందుకే కొత్త అమరికలో ఆమెను అన్నిటికన్నా ఎక్కువగా ఆపినది టాస్క్‌బారు కాదు, రైట్ క్లిక్ మెనూ.

"అన్నా, కాపీ యాడికి పోయింది?" అని అడిగింది, మెనూ తెరిచే ఉంచి.

కాపీ అక్కడే ఉంది, మామూలు వరుసలో లేదు. కట్, కాపీ, పేస్ట్, రీనేమ్, డిలీట్ అనేవి ఇప్పుడు మెనూ అంచున చిన్న బొమ్మలుగా ఒక అడ్డ వరుసలో ఉంటాయి. మెనూ కింద తెరుచుకుంటే ఆ వరుస పైన ఉంటుంది. తెర అడుగున చోటు చాలక మెనూ పైకి తెరుచుకుంటే ఆ వరుస కింద, మౌస్‌కు దగ్గరగా వస్తుంది. మౌస్‌కు దగ్గరలో ఉంచాలన్నది దాని వెనుక ఆలోచన. ఆ ఆలోచన సబబైనదే. కానీ వరుసలో ఫలానా చోట ఉంటుందని అలవాటైన చేతికి, ఒక్కోసారి పైన, ఒక్కోసారి కింద ఉండడం మొదట్లో చాలా కష్టం. మేము పని చేసే ఫోల్డర్లలో ఫైళ్లు తెర అడుగుదాకా నిండి ఉంటాయి కనుక ఈ ఇబ్బంది గంటగంటకూ ఎదురైంది.

అది చాలదన్నట్టు, జిప్ చేసే ప్రోగ్రాములు, పీడీఎఫ్ ప్రోగ్రాములు మెనూలో చేర్చుకున్న పాత ఆదేశాలు చాలావరకు షో మోర్ ఆప్షన్స్ అనే చివరి వరుస వెనక్కి చేరాయి. విండోస్ లోపలి అమరికల పట్టిక అయిన రిజిస్ట్రీలో ఒక మార్పు చేస్తే పాత మెనూ పూర్తిగా తిరిగి వస్తుంది. దాని గురించి ఇద్దరమూ మాట్లాడుకున్నాము. చివరకు వద్దనుకున్నాము. ఒక పెద్ద అప్‌డేట్ వచ్చి ఆ మార్పును తుడిచిపెడితే, అది సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో జరిగితే, చేయి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. విండోస్ తానుగా ఇచ్చిన సదుపాయాలతోనే సరిపెట్టుకోవడం నిలకడైన పద్ధతి. ఆ సదుపాయం షిఫ్ట్ మీట. షిఫ్ట్ నొక్కి పట్టుకొని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా తెరుచుకుంటుంది. పేరు మార్చడానికి ఎఫ్2, కాపీకి కంట్రోల్ సీ, ఫైలు వివరాలకు ఆల్ట్ ఎంటర్ ఎటూ ఉన్నాయి. ఈ మీటలు ఏ కూర్పులోనూ మారలేదు. మెనూ వెతకడం మానేసి మీటలతో పని చేయడం మొదలుపెట్టిన తర్వాత ఆమె వేగం విండోస్ 10 నాటికన్నా పెరిగిందని నా గమనింపు.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో రిబ్బన్ అనే వెడల్పాటి ఆదేశాల పట్టీ పోయి సన్నటి పట్టీ మిగిలింది. తెరవగానే హోమ్ పేజీ వస్తుంది. ఫోల్డర్ ఆప్షన్స్‌లో దిస్ పీసీ అని మార్చుకుంటే డ్రైవ్‌లు ముందుగా కనిపిస్తాయి. కంట్రోల్ టీతో ట్యాబ్‌లు తెరుచుకోవడం మాకు బాగా కలిసొచ్చింది. ఒక ట్యాబ్‌లో పార్టీ పంపిన ఫొటోలు, మరొక ట్యాబ్‌లో మా దేవుడి బొమ్మల ఫోల్డరు, ఇంకొక దానిలో పాత డిజైన్లు ఉంచుకుంటే తెర మీద కిటికీల గుంపు ఉండదు.

డిసెంబరు నెలాఖరు: తెలుగు

మాకు అన్నిటికన్నా ప్రధానమైన అంశం ఇదే కనుక కొంచెం విపులంగా రాస్తున్నాను.

కొండ బిట్రగుంట వైపు ఒక ఆలయ కమిటీ వారు తమ పాత కరపత్రాన్ని వర్డ్ ఫైలుగా పంపారు. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే అక్షరాలన్నీ తెలుగులోనే ఉన్నాయి, కానీ ఒకే పుటలో ఇమడవలసిన మ్యాటర్ రెండో పుటలోకి జారింది, పంక్తులు విరిగే చోట్లు మారాయి. కంపోజింగ్ యంత్రంలో అదే ఫైలు సరిగ్గా ఉంది. కారణం ఫాంటు. ఆ ఫైలు గౌతమిలో ఉంది. విండోస్‌లో మొదట తెలుగుకు గౌతమి ఉండేది, విండోస్ 7తో వాణి వచ్చింది, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ప్రధానమైంది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండూ అందరికీ రావు. తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అనే ఐచ్ఛిక భాగంలో ఉంటాయి. భాషల జాబితాలో తెలుగును చేర్చిన యంత్రంలో అవి వాటంతట అవే వస్తాయి. మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసిన మా ల్యాప్‌టాప్‌లో ఇంగ్లిషు మాత్రమే ఉంది కనుక అవి రాలేదు. వాటికి బదులు వేరే తెలుగు ఫాంటు వచ్చి కూర్చుంది. దాని అక్షరాల వెడల్పు, పంక్తుల మధ్య ఎడం వేరు కాబట్టి మ్యాటర్ జారింది.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అక్కడ ఆప్షనల్ ఫీచర్స్ తెరిచి, ఆ ఫాంట్ల భాగాన్ని ఎంచుకొని చేర్చగానే కరపత్రం మళ్లీ ఒక పుటలోకి వచ్చింది. పార్టీ పంపిన ఫైలు జారిపోయి కనిపిస్తే వాళ్ల ఫైలు చెడిపోయిందని చెప్పి వెనక్కి పంపకుండా, ముందు ఈ భాగం ఉందో లేదో చూడాలని మా గోడ మీది కాగితంలో రాసి పెట్టాను.

తర్వాతి అంశం టైపింగ్. విండోస్ తనతో ఇచ్చే తెలుగు కీబోర్డులు రెండు రకాలు. ఇన్‌స్క్రిప్ట్ అమరికలో కే మీట మీద క, హెచ్ మీద ప, జే మీద ర, పొల్లు డీ మీద ఉంటాయి. 2019 మే అప్‌డేట్‌తో వచ్చిన ఫొనెటిక్ అమరికలో ఇంగ్లిషు అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొట్టవచ్చు. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే ఒకదాని నుంచి మరొకదానికి మారుతాయి. మా బిల్లుల పనికి ఫొనెటిక్ చక్కగా సరిపోతోంది. కానీ డీటీపీలో పెరిగినవాళ్ల చేతులు యాపిల్ కీబోర్డు అని మేము పిలుచుకునే అమరికకు అలవాటు పడ్డవి. అది విండోస్ జాబితాలో లేదు. దానికోసం వేరే టైపింగ్ సాఫ్ట్‌వేరు వాడక తప్పదు.

కొత్త విండోస్ ఎక్కిన తర్వాత ఆ సాఫ్ట్‌వేరు నోట్‌ప్యాడ్‌లో తెలుగు కొడుతోంది, పేజీలు కట్టే ప్రోగ్రాములో మాత్రం ఇంగ్లిషు అక్షరాలే పడుతున్నాయి. సాఫ్ట్‌వేరు చెడిపోలేదు, ఫాంట్లూ చెడలేదు. పేజీల ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచేలా ఉంచాము, టైపింగ్ సాఫ్ట్‌వేరు మామూలు హోదాలో నడుస్తోంది. కింది హోదాలో నడిచే ప్రోగ్రాము పై హోదా ప్రోగ్రాములోకి మీటలను పంపడాన్ని విండోస్ అనుమతించదు. విండోస్ విస్టా కాలం నుంచీ ఉన్న భద్రతా నియమమిది, కొత్తగా వచ్చింది కాదు. రెండింటినీ ఒకే హోదాలో నడిపితే సరి. పేజీల ప్రోగ్రాముకు నిజానికి ఆ పెద్ద హోదా అవసరమా అని పరీక్షించాము. మామూలుగానే నడిచింది. కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఆ గుర్తు తీసివేశాము, తెలుగు పడింది. బయటి ఫైళ్లు తెరిచే ప్రోగ్రాముకు ఎంత తక్కువ హోదా ఇస్తే అంత మంచిది కనుక, రెండింటినీ పైకి ఎత్తడం కన్నా రెండింటినీ కిందికి దించడమే సరైన పరిష్కారమని నా అభిప్రాయం.

ఆపరేటరుకు ఇంకొక చిన్న ఇబ్బంది ఉండేది, చూసేవాళ్లకు అది ఇబ్బందిగా తోచదు. టైపింగ్ సాఫ్ట్‌వేరు గుర్తు గడియారం పక్కన ఉండి, తెలుగు నడుస్తోందా ఇంగ్లిషు నడుస్తోందా అన్నది చెప్పేది. కొత్త అమరికలో ఆ గుర్తు పై బాణం వెనుక దాక్కుంది. ఆమె ప్రతి పేరా మొదట్లో ఒక అక్షరం కొట్టి, చూసి, చెరిపి మళ్లీ మొదలుపెడుతోంది. పక్కన కూర్చుని గమనిస్తే గానీ నాకు తెలియలేదు. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్ అన్నచోట ఆ సాఫ్ట్‌వేరు ఎదుట మీట ఆన్ చేస్తే గుర్తు బయటికి వచ్చింది. అక్షరం కొట్టి చెరపడం ఆ పూటతో ఆగింది.

పాత పేజీల్లోని అక్షరాలు యూనికోడ్, అంటే ఏ యంత్రమైనా తెలుగుగానే గుర్తించే అక్షర సంకేతాలు, కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు పెట్టిన ఫాంట్లవి. అవి ఫాంటు ఫైలు మీద మాత్రమే ఆధారపడతాయి కాబట్టి విండోస్ మారినంత మాత్రాన వాటికి ఏమీ కాలేదు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే మాత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా కనిపిస్తాయి. కొత్తగా వచ్చే పనంతా ఇక యూనికోడ్‌లోనే చేయాలని నిర్ణయించాము. శుభలేఖ మ్యాటర్‌ను పార్టీకి వాట్సాప్‌లో పంపి సరిచూడమనడానికి అదొక్కటే దారి.

జనవరి: ప్రింటర్లు, ప్రూఫు

ప్రింటర్ల అమరిక ఇప్పుడు బ్లూటూత్ అండ్ డివైసెస్ కింద ఉంది. అక్కడ డీఫాల్ట్ ప్రింటరును విండోసే నిర్ణయించుకునే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, చివరగా వాడిన ప్రింటరే డీఫాల్ట్ అవుతుంది. మా దగ్గర ఏ3 లేజరు, బిల్లుల చిన్న ప్రింటరు రెండూ ఒకే యంత్రానికి ఉన్నాయి. ఒక బిల్లు తీసిన వెంటనే ప్రూఫు పంపితే అది బిల్లుల ప్రింటరుకు పోతుంది. ఆ ఏర్పాటు ఆపి, లేజరును డీఫాల్ట్‌గా ఉంచాను.

కొత్త అమరికలో మాకు నిజంగా లాభించినది కిటికీలను సర్దే పద్ధతి. విండోస్ మీట, జెడ్ కలిపి నొక్కితే తెరను రెండుగానో మూడుగానో పంచే నమూనాలు కనిపిస్తాయి. మ్యాక్సిమైజ్ మీట మీద మౌస్ ఉంచినా అవే వస్తాయి. పార్టీ రాసి ఇచ్చిన చేతిరాత కాగితాన్ని స్కాన్ చేసి ఎడమ సగంలో, కంపోజ్ చేసిన పేజీని కుడి సగంలో ఉంచుతున్నాము. ఇంతకుముందు కాగితాన్ని ఒడిలో పెట్టుకొని తల దించి ఎత్తుతూ ప్రూఫు చూసేది మా ఆపరేటర్. ఇప్పుడు రెండూ ఒకే ఎత్తులో కంటి ముందే ఉంటాయి. జలదంకి వైపు నుంచి వచ్చిన ఒక గృహప్రవేశం పత్రికలో రాసిన వారి ఇంటిపేరులో డ, ద తేడా ఈ పద్ధతిలోనే దొరికింది. రాతప్రతిని పెద్దది చేసి పక్కనే చూడగలగడం వల్ల ఆ పొట్టి గీత స్పష్టంగా కనిపించింది. ఇంటిపేరు తప్పు పడిన పత్రికను ఏ ఇంటివాళ్లూ పంచుకోలేరు. ఒక్క ఈ సౌకర్యం కోసమైనా మార్పు చేయదగినదేనని ఆమె కూడా అంటోంది.

టాస్క్‌బార్ గుర్తులను ఎడమకు తేవాలా, మధ్యలోనే ఉంచాలా అన్నది ఆమె ఇష్టానికి వదిలేశాను. ఎడమకు తెచ్చుకుంది. ల్యాప్‌టాప్‌లో మా నాయన మధ్యలోనే ఉంచుకున్నారు. స్టార్ట్ మెనూలో రికమెండెడ్ అనే భాగం మాత్రం రెండింటిలోనూ తగ్గించాము. ఇటీవల తెరిచిన ఫైళ్ల పేర్లు దానిలో కనిపిస్తాయి. ఒక పార్టీ కౌంటరు దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఇంకొక పార్టీ శుభలేఖ పేరు తెర మీద కనబడడం మా వృత్తికి మర్యాద కాదు.

మూఢం ముగిసేలోపు మిగిలినవి రెండు పనులు. మొదటిది, రెండో యంత్రంలోని పాత పేజీల్లో ఏటేటా తిరిగి వచ్చే పనులను, అంటే గుడి కరపత్రాలను, బిల్లు పుస్తకాల నమూనాలను వేరుచేసి, ముందుగా వాటిని యూనికోడ్‌లో మళ్లీ కంపోజ్ చేయడం. మిగిలిన పాత పేజీలను ఫాంట్లు లోపలే ఇమిడి ఉండేలా పీడీఎఫ్‌లుగా భద్రపరిస్తే చాలు. రెండోది, వెనక్కి వెళ్లే గడువు ముగిసే ముందు కంపోజింగ్ యంత్రం మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా, అంటే పూర్తి నకలుగా, బయటి డిస్క్‌లో తీసుకోవడం. బిల్లు పుస్తకాల నమూనాలతో ఆపరేటర్ ఇవాళే మొదలుపెట్టింది.